కొలతకు పెట్టిన సుత్తి

బయలుదేరే ముందు చేయవలసినవి: నీళ్ళ సీసా నింపుకోవాలి. దిక్సూచి, భూతద్దం జేబులో వేసుకోవాలి. రాళ్ళు చుట్టడానికి పాత పేపర్లు, గుడ్డ సంచులు సర్దుకోవాలి. కెమెరాలో రీలు ఎక్కించాలి. నన్ను నడుముకు దోపుకోవాలి. ఇంట్లో చెప్పాలి. కదిరప్ప సారు ఉద్యోగమంతా ఈ పనులు వరుస తప్పకుండా చేశారు, చివరిది తప్ప.

నేను ఒక సుత్తిని. ఒక వైపు చదరపు మొహం, రెండో వైపు పక్షి ముక్కు. కొలిమిలో కాలి, నూనెలో చల్లారి, రైలెక్కి యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగానికి చేరాను. కొత్తగా లెక్చరర్‌గా వచ్చిన సారు నన్ను సంతకం పెట్టి తీసుకున్నారు. వాళ్ళింట్లో బడి మొహం చూసిన మొదటి మనిషి ఆయనే. వాళ్ళ నాయన బండల గనిలో కూలి. ఆ పెద్దాయన నన్ను చేత్తో ఎత్తి బరువు చూసి, “ఇంత సదివింది రాళ్లు కొట్టనీకా? అదేదో ఈడనే కొట్టొచ్చు గదరా” అని నవ్వాడు.

రాయి పగలగొట్టడం నా ఉద్యోగంలో సగమే. ఫోటోలో చూస్తే బండ ఎంతదో, గులకరాయి ఎంతదో తెలియదు. అందుకని భూగర్భశాస్త్రం వాళ్ళు పక్కన సుత్తి పెట్టి ఫోటో తీస్తారు. నన్ను బట్టి రాయి ఎంతదో చూసేవాళ్ళు అంచనా కడతారు. అలా సారు తీసిన ప్రతి ఫోటోలోనూ నేనున్నాను. సారు ఒక్కదాంట్లోనూ లేరు. తీసేవారు ఆయనే, తోడు ఎవరూ ఉండేవారు కారు.

ఇంట్లో భార్య తిరుపాలమ్మ. పెళ్ళి ఫోటోను చెదలు తినేశాయి. ఆమె అడిగింది ఒకటే: ఆ కొండల్లో ఏముందో ఒకసారి చూపించి, అక్కడ తనకొక ఫోటో తీయమని. ఏళ్ళు గడిచాక ఒక ఆదివారం తీసుకెళ్ళారు. ఎండ వాలింది. కోట్ల ఏళ్ళ కిందటి నీటి అలలు ముడతలు ముడతలుగా రాయైపోయిన బండ అది. ఆమె కొంగు సర్దుకుని బండ పక్కన నిలబడింది. సారు నన్ను తీసి బండ మీద పెట్టారు.

“సుత్తికి తీస్తాండారే, నాకు తియ్యరా?”

“అది కొలతకు.”

“నేనూ అయిదడుగులుండా. కొలతకు పనికిరానా?”

“రీలు యూనివర్సిటీది, తిరుపాలూ. కొంచెం పక్కకు జరుగు. రిటైరైనాక సొంత కెమెరా కొంటా.”

ఆమె జరిగింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ ఫోటో పెద్ద సైన్సు పత్రికలో పడింది, సారు ప్రొఫెసరయ్యారు. సన్మానంలో శాలువా కప్పారు. ఆయన ఎంత నిజాయితీ గల మనిషంటే, ఒక్క రీలు కూడా సొంతానికి వాడలేదు.

రిటైర్మెంటుకు ముందే తిరుపాలమ్మ జ్వరంతో పోయింది. కర్మ నాటికి దండ వేయడానికి ఫోటో కావాలన్నాడు ఆమె తమ్ముడు చెన్నరాయుడు. ఇద్దరూ బీరువాలో ఫోటోలన్నీ నేల మీద పోశారు.

“ఏంది బావా, అన్నిట్లోనూ సుత్తే ఉంది” అన్నాడు చెన్నరాయుడు.

సారు ఒక్కొక్కటే తిరగేశారు. అలల బండ ఫోటో దగ్గర ఆగి, జేబులోంచి భూతద్దం తీశారు. రాతి కణాలను చూసినట్టే కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. బండ మీద ఎడమ పక్క ఒక నీడ పడి ఉంది. కొంగు సర్దుకుంటున్న చెయ్యి కూడా ఆ నీడలో తెలుస్తోంది. తీసినప్పుడు ఆయన అలలను చూశారు గానీ దాన్ని చూడలేదు.

“మీ అక్క” అన్నారు.

ఆ ఫోటోకే పటం కట్టించి దండ వేశారు. పరామర్శకు వచ్చినవాళ్ళు సుత్తికి దండ వేశారనుకున్నారు. సారుకు మతి చలించిందని బయట చెప్పుకున్నారు. కొందరు మాత్రం మర్యాదకు నాకే దణ్ణం పెట్టి కాఫీ తాగి వెళ్ళారు.

ఇప్పుడు సారూ లేరు. విభాగం మ్యూజియంలో అద్దాల పెట్టెలో పడుకున్నాను. ‘ప్రొఫెసర్ కదిరప్ప వాడిన సుత్తి’ అని కింద చీటీ ఉంది. పిల్లలు వస్తారు, అద్దం మీద పుస్తకాలు పెట్టుకుని మాట్లాడుకుంటారు, పోతారు. అలల బండ ఫోటో పాఠ్యపుస్తకంలో ఉంది. దాని కింద నా పొడవు రాశారు, ఆమె సంగతి రాయలేదు.

మీకు ఆ పుస్తకం దొరికితే నన్ను వదిలేయండి. ఎడమ పక్క నీడను చూడండి. ఆమె పేరు తిరుపాలమ్మ. గుర్తుపెట్టుకోండి.