చెల్లని నొక్కులు

అప్పీలు ఒక్కసారే పెట్టుకోవచ్చని ప్రకటనల కంపెనీ పంపిన మెయిల్లో స్పష్టంగా రాశారు. అందుకే వీరదుర్గ మూడు రోజులుగా ఒకే వాక్యాన్ని రాస్తూ, చెరిపేస్తూ కూర్చుంది. ఆ వాక్యం ఇది: “ఈ క్లిక్కులు మా నాన్నగారు తెలియక చేయించారు, దయచేసి క్షమించగలరు.”

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ పల్లెపాలెంలో డిగ్రీలో కంప్యూటర్లు చదివిన మొదటి పిల్ల వీరదుర్గే. ఆ చదువు ఊరికే పోకూడదని ‘మన మొగ’ అని ఒక వెబ్‌సైటు పెట్టింది. మొగ అంటే నది సముద్రంలో పడే నోరు. అక్కడి ఇసుక మేట మహా తిక్కది, ఇవాళున్న చోట రేపుండదు. పోటు ఎన్నింటికి, గాలి ఎటునుంచి, మేట ఏ పక్కకి జరిగింది, అన్నీ పెద్దపెద్ద అక్షరాల్లో రోజూ పెట్టేది. పడవలవాళ్ళు అది చూడందే మొగ దాటడం మానేశారు. చూసేవాళ్ళు పెరిగాక పేజీకి అట్టడుగున ఒక ప్రకటనల పట్టీ తగిలించింది. ఎవరైనా దాన్ని నొక్కితే వచ్చే పైసలతోనే సైటు ఖర్చు గడిచేది.

సోమవారం నాడు ఆ ప్రకటనల కంపెనీ ఆమె ఖాతా మూసేసింది. చెల్లని క్లిక్కులట. ఎవరు నొక్కారో చెప్పరట, చెబితే మోసగాళ్ళు జాగ్రత్తపడతారట. నేరమేమిటో విప్పి చెప్పరు గానీ శిక్ష మాత్రం శాశ్వతం! మీరే చేశారా, చేయిస్తే ఎవరిచేత చేయించారు, పేరు రాయండి అని అప్పీలు ఫారంలో అడిగారు. నిజం ఒప్పుకున్నవాళ్ళకి ఖాతా తిరిగి రావచ్చని ఇంటర్నెట్టులో ఎవరో రాశారు.

వీరదుర్గ తన సైటు రికార్డులు తీసి చూసింది. రోజూ పొద్దున్నే, ఊరి సెల్ టవరు నుంచే, సరిగ్గా పడవలు మొగ దాటే వేళకే క్లిక్కులు కుప్పలుగా పడ్డాయి. ఆ ప్రకటన బొమ్మ నొక్కితే నీకేమైనా వస్తుందా అని నాన్న బుల్లియ్య ఒకసారి అడగడం గుర్తొచ్చింది. అంతే, రేవులోకి వెళ్ళి నలుగురి ముందూ నిలదీసింది.

“నువ్వే నొక్కించావు కదా నాన్నా?”

“లేదమ్మా. నేను నొక్కలేదు, ఎవర్నీ నొక్కమనలేదు.”

“అందరూ అలాగే అంటారు.”

బుల్లియ్య వల సర్దుతున్న చేతులు ఆగాయి. “ఆ కంపెనీవాళ్ళకైతే నువ్వు అప్పీలు పెట్టుకుంటావు. మరి నీకు నేను ఎక్కడ పెట్టుకోవాలమ్మా?” అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆమెతో మాట్లాడలేదు.

ప్రకటన పోయిన ఖాళీలో వీరదుర్గ ఒక పచ్చ పట్టీ పెట్టింది: ‘మేట కబురు చెప్పడానికి ఇక్కడ నొక్కండి.’ నొక్కితే ఆమె నంబరు వస్తుంది, ఇంకోసారి నొక్కితే ఫోను వెళ్తుంది. మర్నాటి నుంచీ పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే అవతల ఎవరూ పలకరు, ఒకటే అలల హోరు. అందులో నాన్న నంబరు కూడా ఉంది.

“కావాలనే ఏడిపిస్తున్నారే నన్ను,” అంది అమ్మ లోవమ్మతో.

ఎండుచేపలు తిరగేస్తున్న లోవమ్మ తలెత్తింది. “మీ నాన్న ఫోన్ చేసి మాట్లాడకుండా ఉండే మనిషేంటే? పొద్దున్న పడవలో కూర్చో, నీకే తెలుస్తుంది.”

ఆడవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళే అలవాటు ఆ ఊళ్ళో లేదు. మొగ వరకూ వచ్చి, ఒడ్డుకొచ్చే మరో పడవలో తిరిగొస్తానని అమ్మచేత నాన్నని ఒప్పించి, మర్నాడు పొద్దు పొడిచే వేళకి వీరదుర్గ పడవెక్కింది. ముందువైపు త్రిమూర్తులు బాబాయ్, వెనక చుక్కాని దగ్గర నాన్న, మధ్యలో తను. పడవలవాళ్ళందరికీ ఉన్నట్టే నాన్న మెళ్ళోనూ పాలిథిన్ కవర్లో ఫోను వేలాడుతోంది. తెరమీద ‘మన మొగ’ పేజీ ఉంది. అంత మాట అన్నా ఆ మనిషి తన పేజీ చూడడం మానలేదు.

మొగ దగ్గరికొచ్చేసరికి అలలు గోడల్లా లేచాయి. ఇన్నేళ్ళూ మేట గురించి రాసిందే గానీ ఇంత దగ్గరగా వీరదుర్గ ఎప్పుడూ చూడలేదు. ఎర్రటి గోదావరి ఒకపక్క, పచ్చటి సముద్రం ఒకపక్క, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పడవ లేచి పడింది. నీటి జల్లు ముగ్గురినీ ముంచేసింది.

అప్పుడు ఆమె చేతిలో ఫోను మోగింది. తెరమీద పేరు: నాన్న.

వీరదుర్గ తలెత్తి చూసింది. ఎదురుగా బుల్లియ్య రెండు చేతులతోనూ చుక్కాని బిగించి పట్టుకుని, చూపంతా మేటమీదే పెట్టి ఉన్నాడు. చెయ్యి తీస్తే పడవ బోల్తా. ఆమె ఫోనెత్తింది. ఆ చెవిలోనూ ఈ చెవిలోనూ ఒకటే హోరు.

పాకుతూ వెళ్ళి నాన్న మెళ్ళోని ఫోను పట్టుకుని, ఆ కాల్ ఆపి, పేజీ మళ్ళీ తెరిచి చూసింది. జల్లు పడ్డ ప్రతిసారీ నీళ్ళు కవరు మీదినుంచి జారి, అట్టడుగు మడతలో బొట్టుగా నిలుస్తున్నాయి. ఆ బొట్టు కింద సరిగ్గా పచ్చ పట్టీ ఉంది. పడవ ఊగింది. బొట్టు కదిలింది. నంబరు వచ్చింది. ఇంకోసారి ఊగింది. మళ్ళీ ఆమె ఫోను మోగింది.

ఏ వేలూ తగల్లేదు! ఇన్నాళ్ళూ ఆ ప్రకటనలు నొక్కింది మనిషి కాదు, గోదారి. రోజూ పొద్దున్నే, ఇన్ని పడవల్లో, ఇన్ని మెడల్లో, ఒక్క చుక్క చొప్పున. అంత పెద్ద నీళ్ళ ముందు, అంత చిన్న బొట్టు ముందు వీరదుర్గ నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది. భయమో ఆనందమో ఆమెకే తెలియలేదు, దణ్ణం పెట్టాలనిపించి పెట్టింది.

“ఏంటమ్మాయ్, ఇప్పుడు మొక్కుతున్నావు? దాటేశాం!” అని నవ్వాడు త్రిమూర్తులు.

తిరిగొచ్చే పడవలో ఆమె ఆలోచించింది. క్లిక్కులు చెల్లనివే, అది ఒప్పుకోవాలి. ప్రకటన ఇచ్చిన రాజమండ్రి చీరల కొట్టువాడు గోదావరికి చీర అమ్ముకోలేడు కదా. ఆ నొక్కులకి కట్టిన డబ్బు అతనికి తిరిగి ఇచ్చేయాల్సిందే. కానీ నొక్కు చెల్లకపోతే నొక్కినచోటి మనిషి దొంగైపోతాడా? అడగకుండా, వినకుండా తలుపు మూసేస్తారా? ఇలా అనుకుని ఆ కంపెనీని నాలుగు తిట్టబోయి ఆగిపోయింది. రేవులో తను చేసిందీ అదే. కంపెనీకి ఆమె ముఖం తెలియదు. నాన్న ముఖం తనకి తెలుసు.

ఇంటికొచ్చి, తప్పు నాన్నమీద నెట్టిన ఆ వాక్యం తీసేసింది. నీటిబొట్టు సంగతంతా ఉన్నదున్నట్టు రాసింది. బొట్టు నొక్కుతున్న వీడియో పడవలోనే తీసింది గానీ, ఫారంలో దాన్ని పెట్టే చోటు లేదు. పేరు అడిగినచోట ‘గోదావరి’ అని రాసి పంపింది.

అయిదో రోజున జవాబొచ్చింది. పరిశీలించాం, ఖాతా తిరిగి ఇవ్వలేం, ఇక రాయవద్దు అని. చదివిన మనిషంటూ ఉన్నారో లేదో. వీరదుర్గ సైటుని ఖర్చు లేని చిన్న చోటికి మార్చి, పచ్చ పట్టీని బొట్టుకి అందకుండా పేజీ పైకి జరిపి, రేవుకి నడిచింది.

తను నిలదీసిన రోజు ఉన్న నలుగురూ ఉన్నారు. “నాన్న నొక్కలేదు,” అంది అందరికీ వినబడేలా. “నేనన్నది తప్పు. నా కళ్ళతో చూశాను.” అంతవరకే అనగలిగింది, ఏడుపొచ్చేసింది.

బుల్లియ్య వల దించి దగ్గరికొచ్చాడు. “కంపెనీవాళ్ళు ఏమన్నారే?”

“ఒప్పుకోలేదు నాన్నా. నా అప్పీలు పోయింది.”

“పోతే పోయింది,” అన్నాడు బుల్లియ్య, తడి చేత్తోనే ఆమె తల నిమురుతూ. “నాది గెలిచిందిగా.”