పాలు పడని మనిషి

ఉదయం అందరూ పాలు తాగేశాక, ఖాళీ గిన్నెలో అరగ్లాసు నీళ్ళు పోసి, అంచులకు అంటుకున్న మీగడ గీకి కలిపి, ఆ తెల్లనీళ్ళతో ఆమె టీ కాచుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే టీ. "మా కోడలికి పాల వాసనే గిట్టదమ్మా" అని అత్తగారు చుట్టాలందరికీ చెబుతారు. పాలు పడని మనిషికి పాలగిన్నె కడిగిన నీళ్ళు ఎలా పడుతున్నాయని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ మాట పుట్టించింది ఆమే. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున రెండు గిన్నెల్లో కాచిన పాలలో ఒక గిన్నెవి విరిగిపోయాయి. మిగిలినవి ముగ్గురికే వస్తాయి. అత్తగారు నాలుగో గ్లాసు చేత్తో పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడితే జాలేసి, "నాకు పాలు పడవులెండి అత్తయ్యా" అంది. ఆ పూట గడవడానికి అన్న మాట. మర్నాటి నుంచి నాలుగో గ్లాసు అలమర దిగలేదు.

ఇంటింటికీ తిరిగి ఎవరేం తింటున్నారో రాసుకోవడం ఆరోగ్యశాఖలో ఆమె ఉద్యోగం. ఈ వారం పాలూ పెరుగూ. గీతలున్న కప్పు చూపించి, నిన్న ఎవరు ఎంత తాగారని అడగాలి. "ఆయనకి రెండుసార్లు, పిల్లలకి పొద్దున, మామయ్యగారికి పడుకోబోయే ముందు" అని గుక్కతిప్పుకోకుండా చెప్పే ఇల్లాళ్ళు, "మరి మీరు?" అనగానే నవ్వేస్తారు. "నాకు పడవండి." ఇవాళ అలా ఆరుగురు. ఆరుసార్లూ 'పడవు' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఏడో ఆవిడ దగ్గర పెన్ను ఆగింది.

"తాగితే ఏమవుతుందండీ మీకు?"

ఆవిడ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టబోయి మానేసింది. "ఏమో. తాగి ఎన్నేళ్ళయిందో" అంది.

ఆ గడి ఖాళీగా వదిలేసి ఆమె ఇంటికొచ్చింది. హాల్లో భర్త, ఆయన స్నేహితుడు. గిన్నెలో రెండు గ్లాసుల పాలే ఉన్నాయి. ఒకటి పన్నెండేళ్ళ కూతురికి పోసిచ్చింది. అంతలో హాల్లోంచి కేక: "రెండు టీలు! అచ్చం పాలతోనే, చుక్క నీళ్ళు పోయకు."

కూతురు గిన్నెలోకి తొంగిచూసి, తన గ్లాసు అందులో ఒంపేసింది. "వాడెయ్యమ్మా. నాకు పాలు పడవులే."

ఆమెకు భయం వేసింది. గొంతు కూడా తనదే, ఆ 'లే'తో సహా.

"ఎవరు చెప్పారే నీకు పడవని?"

"నీకూ పడవుగా!"

"పడతాయి. అప్పుడూ పడేవి, ఇప్పుడూ పడతాయి."

అలమరలోంచి నాలుగో గ్లాసు దించి, దుమ్ము కడిగింది. పాలన్నీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి కూతురి చేతికిచ్చి, రెండోది అక్కడే నిలబడి చివరిచుక్కదాకా తాగింది. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి, అంచులు గీకి కలిపి, రెండు టీలు కాచి హాల్లో పెట్టింది.

భర్త ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏంటిది?"

"నేను రోజూ తాగే టీ అండీ."