పేరు లేని ఆరు పేరాలు

మా చరిత్ర విభాగం వార్షిక నివేదిక పంతొమ్మిదేళ్ళుగా నేనే రాస్తున్నాను. రాయమని ఎవరూ బతిమాలలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఎవరు ఏ కార్యక్రమం చేసినా తమ పేరు, తేదీ, విషయం, వచ్చినవాళ్ళ సంఖ్య ఒక చీటీ మీద రాసి, నా బల్ల మీదున్న బిస్కెట్ల రేకు డబ్బాలో వేయాలి. మే నెలలో డబ్బా బోర్లించి, చీటీలను తేదీల వారీగా పేర్చి, నలభై పేజీల నివేదిక తయారుచేస్తాను. నివేదిక రాసినవాళ్ళ పేరు మాత్రం అందులో ఉండకూడదని ఆనవాయితీ. హెడ్డుగారు చదవకుండానే సంతకం పెడతారు.

నాలుగేళ్ళ క్రితం వరకు ఆ డబ్బాలో సగం చీటీలు నావే. ఆ తర్వాత చిన్న మేడం వచ్చింది.

ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. మొదటి బెంచీలో కూర్చుని, నేను దగ్గినా రాసుకునేది. చదువు పూర్తిచేసి కాంట్రాక్టు మీద మా దగ్గరికే పాఠాలు చెప్పడానికి వచ్చినరోజు, నా చేత్తో నేర్పిన పిల్ల అని విభాగమంతా తిప్పి చూపించాను. పిల్లలు నన్ను పెద్ద మేడం అని, ఆమెను చిన్న మేడం అని పిలుస్తుంటే ముచ్చటగా ఉండేది. రెండో ఏడాదికి సందేహాలంటూ నా గది ముందు ఆగేవాళ్ళు తగ్గారు. మూడో ఏడాదికి "పెద్ద" అన్న మాటలో నా వయసు మాత్రమే వినపడసాగింది.

పోయిన ఏడాది మరీ ఘోరం. జూలైలో ఆమె, మూతపడ్డ అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసిన ముసలివాళ్ళను ముప్పై ఒక్కమందిని వెతికి పట్టుకుని, వాళ్ళ మాటలు రికార్డు చేయించింది. సెప్టెంబరులో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలోంచి పాత ఫొటోలు తెప్పించి ప్రదర్శన పెట్టింది. నవంబరులో పిల్లలను రైల్వే గోదాముకు తీసుకెళ్ళి, అక్కడి కూలీలతో కబుర్లు చెప్పించింది. ఇలాంటివి మొత్తం ఆరు.

జనవరిలో నా ఉపన్యాసం. అంశం, పాతకాలపు రేవుల్లో తూకపు రాళ్ళు. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌తో కలిపి పదిహేడుమంది విన్నారు. అదే వారం ఆమె ఆ కర్మాగారం ముసలివాళ్ళను హాలుకు పిలిచి మాట్లాడించింది. కుర్చీలు చాలక, "ఒక్క గంట, మేడం" అంటూ నా గదిలో కుర్చీ కూడా పట్టుకుపోయారు. నేను నిలబడే పేపర్లు దిద్దాను. పక్క గదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. నిలబడి ఉంటేనే నాకు అన్యాయం జరిగినట్టు ఉంటుంది మరి.

మావారికి కళ్ళద్దాల కొట్టు ఉంది. మర్నాడు పొద్దున టీ తాగుతూ నా మొహం చూశారు.

"ఏంటి, మళ్ళీ చిన్న మేడమేనా?"

"నేనేం అన్లేదుగా."

"అనక్కర్లేదులే. కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నావు. నా కొట్లో అన్ని నంబర్లకీ అద్దాలున్నాయిగానీ, దీనికి మాత్రం లేవు."

"నాకెందుకండీ అసూయ? అది నేను నేర్పిన పిల్ల."

"అందుకేగా" అన్నారాయన, కప్పు కింద పెడుతూ.

మే నెల వచ్చింది. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ వేసవి తర్వాత కమిటీ తేలుస్తుంది. కమిటీవాళ్ళు చూసేవి రెండే: మా వార్షిక నివేదిక, ఆమె పాఠం మీద విభాగంలో పెద్దవాళ్ళొకరు రాసిచ్చే పేజీ. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ ఆరు కార్యక్రమాలకు ఆరు పేరాలు రాసి, ప్రతిదాని చివరా "విభాగం ఆధ్వర్యంలో నిర్వహించడమైనది" అని ముగించాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె మా విభాగం మనిషే కదా. మిగతా అన్నిటికీ చేసినవాళ్ళ పేర్లు రాశాను. నా పేరు డిగ్రీలతో సహా మూడుసార్లు వచ్చింది.

పని అయ్యాక ఆమె చీటీలు ఆరూ తీసి చెత్తబుట్ట మీదికి పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. చీమలు తిన్న కాగితాన్ని కూడా అతికించి దాచమని జీవితమంతా పిల్లలకు చెప్పినదాన్ని, రాసిన కాగితం ఎలా చింపను? వాటిని మళ్ళీ డబ్బాలో వేసి, డబ్బాను సొరుగులో పెట్టి తాళం వేశాను.

జూన్‌లో అచ్చయిన నివేదికను ఆమె నా బల్ల దగ్గరే నిలబడి, చివరిదాకా తిరగేసింది. "బైండింగ్ బాగా కుదిరింది మేడం" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

జూలైలో హెడ్డుగారు పిలిచారు. "సోమవారం చిన్న మేడం క్లాసులో వెనకాల కూర్చుని, పాఠం ఎలా చెప్తుందో ఒక పేజీ రాసివ్వండమ్మా. శుక్రవారం కమిటీ."

సంతోషించలేదంటే అబద్ధం. దొరికింది అనుకున్నాను.

వాళ్ళంతా అప్పుడే చేరిన మొదటి ఏడాది పిల్లలు. ఎవరు ఎవరో ఇంకా తెలియనివాళ్ళు. బల్ల మీద నీలం అట్టల పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. మా నివేదికలే, పంతొమ్మిదీ.

"ఇవి రాసిందెవరో మనకి తెలీదనుకోండి" అంది ఆమె, పిల్లలకు పంచుతూ. "కాగితంలో ఏముందో తర్వాత చూద్దాం. ఏం లేదో ముందు చూడండి. ఇది నాకు మా మేడం నేర్పిన పాఠం. ప్రతి ఏడూ ఇదే చెప్తాను."

అక్షరం పొల్లుపోకుండా అది నా మాటే. నేను తలవంచుకుని నా కాగితం మీద తేదీ వేశాను.

అరగంటకు సోడాబుడ్డి కళ్ళద్దాల అమ్మాయి ఒకతె తను రాసుకున్న కాగితంతో లేచింది. "మేడం, మిగతా అన్నేళ్ళలో ప్రతి కార్యక్రమానికీ చేసినవాళ్ళ పేరుంది. పోయినేడు దాంట్లో ఆరింటికి లేదు. ఆరూ ఒకే తీరుగా ఉన్నాయి, బయటి మనుషులతో మాట్లాడించేవి. చేసింది ఒక్కరే అయ్యుంటారు."

"మర్చిపోయుంటార్లే" అన్నాడు పక్కవాడు.

"ఒకసారైతే మర్చిపోతారు. ఆరుసార్లు మర్చిపోవాలంటే బాగా గుర్తుండాలి" అంది ఆ అమ్మాయి. "రాసినవాళ్ళకి ఆ మనిషంటే కుళ్ళు."

క్లాసంతా నవ్వింది. చిన్న మేడం నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు.

"ఆధారం ఉందా?"

"లేదు మేడం."

"ఆధారం లేకపోతే అది ఊహే. మనుషుల మీద ఊహలు రాయకూడదు. ఆ ముక్క కొట్టేయమ్మా."

ఆ అమ్మాయి కొట్టేసింది. నేను బయటపడ్డాను. బయటపడేసింది ఆమె. పిల్లలను లాక్కుంది, హాలు నింపుకుంది, సరే. చివరికి మంచితనంలో కూడా నన్ను దాటిపోతే ఇక నాకు మిగిలేదేమిటి? అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

లేచి నా గదికి వెళ్ళి, సొరుగు తాళం తీసి, రేకు డబ్బా తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాను.

"ఆధారం" అన్నాను. "ఆరు చీటీలూ ఉన్నాయి. చేసింది మీ మేడం. నివేదిక రాసింది నేను."

చిన్న మేడం నా దగ్గరికి వచ్చింది. తన కుర్చీ జరిపి, "కూర్చోండి మేడం" అంది. ఈసారి కూర్చున్నాను.

కమిటీకి ఇవ్వాల్సిన పేజీ అక్కడే, ఆమె బల్ల మీదే రాశాను. పాఠం బాగా చెప్పిందని ఒక వాక్యం. పోయినేటి ఆరు కార్యక్రమాలూ, ఒక్కోదాని పక్కన ఆమె పూర్తి పేరు. ఆ పేర్లు తీసేసింది నేనేనని ఇంకో వాక్యం.

పిల్లలు చీటీల మీదికి వంగి చూస్తున్నారు. "అబ్బ, ఎంత గుండ్రంగా ఉందో ఈ మేడం రాత" అంది సోడాబుడ్డి అమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, నేను రాసినదాని కింద నా సంతకం పెట్టాను.