ఆరో అంతస్తులో చుట్టం

ముసలావిడ మార్గరెట్ కాళ్లకి నూనె రాస్తోంది వెరోనికా. ఎదురుగా కూర్చున్న ఆవిడ కొడుకు ఫ్రాంక్లిన్ గొంతు సవరించుకున్నాడు.

“ఇది ఇంటోల్ల మాట. నువ్వెల్లి టీ పెట్టు, వెరోనికక్కా.”

అతని అక్క ఫెయిత్ తలొంచుకుంది. వెరోనికా చేతులు తుడుచుకుని వంటింట్లోకి నడిచింది.

రంగూన్‌లో లమ్మడా పేటలోని ఆ ఆరో అంతస్తుకి ఫెయిత్ వెంట ఒక క్రిస్మస్ భోజనానికి వచ్చింది తను. పద్దెనిమిదేళ్లయినా ఆ భోజనం ఇంకా అవలేదు. కరెంటు పోయి మోటారు ఆగిన రోజుల్లో ఆమె మోసిన నీళ్లకి రంగూన్ నది జానెడు తగ్గి, ఓడలు బురదలో కూరుకుపోయాయని కింద కొట్టువాళ్లు చెప్పుకునేవారు. ఈ ఊళ్లో పరాయివాళ్లు ఒకరింట్లో రాత్రి పడుకుంటే వార్డు ఆఫీసులో చెప్పాలి. ఇన్నేళ్లూ ఫెయిత్ చెప్పింది ఒకటే మాట, చుట్టం అని. “ఇంత తీరుబడి చుట్టాన్ని నేను చూళ్లేదు” అని అక్కడి గుమాస్తా నవ్వితే వెరోనికా కూడా నవ్వేది. లోపల మాత్రం అన్నంలో రాయి తగిలినట్టుండేది. ఇద్దరు ఆడవాళ్లు కాపురం చేస్తే వాళ్లని ఆలుమగలనడానికి ఇక్కడి చట్టానికి నోరు రాదు. పాపం, ఫెయిత్‌కి ఉద్యోగం, చర్చి, తల్లి అని ప్రతిసారీ తనే సర్దుకునేది. సర్దుకోవడం కూడా ఇంటిపనే. దానికీ జీతం లేదు.

ముందుగదిలోంచి మాటలు వినిపించాయి.

“ఇల్లు నా పేర రాసీమ్మా. అక్కకి పెల్లా, పెటాకులా. రేపు నీకేటైనా అయితే ఆ చుట్టాన్ని నాను పంపించీస్తాను.”

ఫెయిత్ ఏమంటుందోనని వెరోనికా చెవి ఒగ్గింది. ఫెయిత్ ఏమీ అనలేదు.

వెరోనికా పొయ్యి ఆపేసింది. ముందుగదిలోకి వచ్చి, పాస్టరుగారొస్తే తప్ప ఎవరూ కూర్చోని మెత్తటి కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

“టీ ఏదక్కా?”

“చుట్టం టీ తాగుతాది గానీ పెడతాదేటి, బాబూ?”

“దాన్ని పంపీసి నా కాల్లు నువ్వు పడతావేట్రా?” అంది మార్గరెట్ కొడుకుతో.

వెరోనికా వాళ్లకేసి చూడలేదు. “ఫెయిత్, వార్డాఫీసోల్లు మనల్ని ఆలుమగలని ఎప్పుడు రాస్తారో రాయనీ. ఈ ఇంట్లో నానెవుల్నో నీ నోటితో సెప్పు. సెప్పకపోతే సాయంత్రం ఎలిపోతాను. చుట్టమన్నాక ఎల్లాలి కదా.”

“తను నాకు… అక్కలాంటిది,” గొణిగింది ఫెయిత్.

వెరోనికా లేచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

ఫెయిత్ గబుక్కున లేచింది. “కాదు, తమ్ముడూ. నాకు పెల్లయింది. పద్దెనిమిదేల్లయింది, దీంతోనే. ఇల్లు రాస్తే మా ఇద్దరి పేరా రాయాల. కూసోవే, టీ నాను పెడతాను.”

వెరోనికా చెప్పులు విడిచి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. లోపల గిన్నెలు దడదడలాడాయి.

“పంచదార ఎక్కడుంటాదే?” కేకేసింది ఫెయిత్.

వెరోనికా లేవలేదు.

“ఎతుక్కో,” అంది. “మనిల్లే కదా.”