రెండు టన్నుల మర్యాద

నేను ఒక బండిని. బండంటే ఎడ్లబండీ కాదు, తోపుడుబండీ కాదు, సూపర్ కారుని. గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతానని నా కాగితాల్లో రాసి ఉంది. ఎప్పుడూ పోలేదనుకోండి, అది వేరే సంగతి. కూర్చోండి, చెబుతాను. మీకేం తొందర లేదు కదా? తొందరపడటానికే పుట్టిన నాకే లేదు.

నన్ను తయారు చేసింది మంచు కురిసే దేశంలో. అక్కడి ఇంజనీర్లకి బరువంటే పిల్లలకి బూచాడంత భయం. ఒక్కొక్క బోల్టునీ బంగారం తూచినట్టు తూచి, లోపల డొల్ల చేసి, తులం తగ్గిందని సంబరపడేవాళ్ళు. తలుపులకి ఇనుము తీసేసి అప్పడమంత తేలికైన కార్బన్ రేకు వేశారు. నాకూ ముచ్చటగానే ఉండేది. అంతలో కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, కొన్నవాళ్ళు దీన్ని రోజూ వాడుకోవాలి కదా అన్నాడు. అంతే. మెత్తటి తోలు సీట్లు వచ్చాయి. వాటిని జరపడానికి మోటార్లు, వీపు చల్లబరచడానికి ఫ్యాన్లు, పాటలకి గుంపుగా స్పీకర్లు, ఇంజను చాలదన్నట్టు ఒక కరెంటు మోటారు, దానికి ఇంత బ్యాటరీ. ఆ బ్యాటరీ ఒక్కటే నాలుగు ధాన్యం బస్తాలంత. చివరికి కాటా మీద పెడితే రెండు టన్నులు తూగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. మనుషులంతేనమ్మా, పొద్దున్నుంచీ ఉపవాసం ఉండి సాయంత్రం రెండింతలు తింటారు.

ఓడ దిగి, లారీ ఎక్కి, నేను వచ్చి పడింది భీమవరం పక్కన సాగి సూరపరాజు గారింట్లో. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. తెల్లటి చొక్కా, మెలి తిప్పిన మీసం, కోపం వచ్చినా 'అండీ' వదలని నోరు. ఆ రోజు నాకు బొట్టు పెట్టారు, దిష్టి తీశారు, గుమ్మడికాయ కొట్టారు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి పోనిమ్మన్నారు. మూడు వందలు పోవలసినదాన్ని, నా మొదటి ప్రయాణం మూరెడు.

ఆయన భార్య సుభద్రమ్మ గారు పక్క సీట్లో కూర్చుని చుట్టూ చూశారు.

"ఏవండీ, ఇది కూర్చోటానికాండీ, పడుకోటానికా? నేల మీద చాపేసుకున్నట్టుందండీ."

"అలవాటైపోద్దండీ. రోజూ వాడుకునే కారంట ఇది."

"రోజూనా! రోజూ నన్ను లేవదీయటానికి ఇద్దర్ని పెట్టండి మరి."

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ డిక్కీ అనుకుని వెనక మూత ఎత్తారు. అక్కడ ఇంజను కనిపించేసరికి, "ఎనకాల పెట్టేశారేంటండీ, పొరపాట్న?" అని జాలిపడ్డారు. నా డిక్కీ ముందుంటుంది. విదేశాల్లో అందులో చిన్న తోలు సంచి పెట్టుకుంటారట. సూరపరాజు గారు రొయ్యల మేత సంచి, విసురు వల, సున్నం మూట, గొడుగు పెట్టారు. వారం తిరిగేసరికి నాకు కొత్త తోలు వాసన పోయి చెరువు వాసన వచ్చేసింది.

నిజం చెబుతున్నాను, రోడ్డు మీద నా అంత సుఖమైన మనిషి లేదు. గట్టు మీద గుంతలో పడినా లోపలివాళ్ళకి తెలియనిచ్చేదాన్ని కాదు. నా బరువే నన్ను కుదురుగా కూర్చోబెట్టేది. ఊళ్ళో ప్రతి ఇంటాయనా తన గుమ్మం ముందు సొంతంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లున్నాయా, వాటి దగ్గర ఒక మీట నొక్కితే నా ముక్కు పైకి లేస్తుంది. అది చూసి జనం, నేను పలకరిస్తున్నాననుకుని తిరిగి తల ఊపేవాళ్ళు. గడ్డి ట్రాక్టరు వెనక గంటసేపు పాకినా నాకు విసుగు లేదు. నేలకి ఆనుకుని ఉందని తిట్టిన సుభద్రమ్మ గారే, ఎక్కిన కాసేపటికి తల వాల్చి గురక పెట్టేవారు. ఆ గురక వింటూ ఇంకో పదేళ్ళు ఆ గట్టు మీద తిరగాలని నా కోరిక. ఇంతకంటే పెద్ద కోరిక నాకెప్పుడూ లేదు.

అలా ఉండగా జోగిరాజు గారు కారు కొన్నారు. ఆయన సుభద్రమ్మ గారికి అన్నగారు, పాలకొల్లులో రైసుమిల్లు. ఆయన కారు నాలో సగం బరువు. ఏసీ లేదు, పాటలు లేవు, తలుపు తీయడానికి పిడి బదులు ఎర్ర గుడ్డ పట్టీ. బరువు తగ్గించడానికట. బ్యాటరీ కూడా బొమ్మకి వేసేంతది వేశారు. అన్నీ తీసేసినందుకు ఎక్కువ ధర తీసుకున్నారని చెప్పుకుని ఆయన మురిసిపోయేవారు.

ఓ అన్నప్రాశన భోజనాల్లో మాట వచ్చింది.

"తమది కారు కాదండీ బావగారూ. ఏసీ పెట్టిన రోడ్డు రోలరు" అన్నారు జోగిరాజు గారు.

"తమదెక్కితే మాత్రం ఏం సుఖవండీ బావగారూ? పాలకొల్లు నుంచి నడిచొచ్చినోళ్ళలాగ దిగారు. చొక్కా పిండితే బిందెడు నీళ్ళొస్తాయ్."

"రోడ్డు మీద ఎవడైనా తోల్తాడండీ. ట్రాకు మీద తేల్చుకుందాం. మద్రాసు దగ్గరుందంట."

"ఆయ్, అలాగే కానివ్వండి."

ఉలవచారు వడ్డిస్తున్న సుభద్రమ్మ గారు గరిట ఆపారు. "తేల్చుకోండి. కానీ ఓడినోళ్ళ బండి గుమ్మంలో ఉండకూడదు, అమ్మేయాల. వదినగారూ, విన్నారు కదండీ?"

"విన్నానండీ" అన్నారు జోగిరాజు గారి భార్య చెల్లాయమ్మ గారు. "గెలిచినోళ్ళది కూడా అమ్మేస్తే ఇంకా బాగుంటదండీ."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బావగార్లిద్దరూ విస్తళ్ళ ముందు మాట ఇచ్చేసుకున్నారు. ఆ వంశాల్లో మాట ఇస్తే అంతే, తిరగదు. ఓడితే ఆ చెరువు గట్టు నాకిక లేదు.

మద్రాసు ప్రయాణం మాత్రం నాది. పెద్ద రోడ్డు మీద నీళ్ళ మీద నూనెలా జారుకుంటూ పోయాను. సుభద్రమ్మ గారు నెల్లూరులో లేచి, వచ్చేశామా అని అడిగి మళ్ళీ పడుకున్నారు. జోగిరాజు గారి కారు ప్రతి స్పీడ్ బ్రేకరుకీ కడుపు గీసుకుంటుంది కాబట్టి దాన్ని లారీలో ఎక్కించారు. నాలో సీట్లు రెండే కాబట్టి ఆయన లారీ డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారు. దిగేటప్పుడు ఆయన నడుం పట్టుకుని ఉన్నా, మీసం మాత్రం సడలనివ్వలేదు.

ట్రాకు దగ్గర జెండాలు పట్టుకున్న తమిళాయన ఒకాయన నా ముందు మూత తీయించి, "లూజు సామాను వద్దు సార్, అంతా తీసేయండి" అన్నాడు. తీశారు. సగం మేత సంచి, వల, సున్నం, ఆవకాయ జాడీ, పులిహోర గిన్నె, పూతరేకుల డబ్బా, బిందె. ఆయన బిందె వైపు చాలాసేపు చూశాడు. "ఇంకేమైనా బరువు ఉందా?" అన్నాడు.

"నా వైపు చూస్తాడేంటండీ?" అన్నారు సుభద్రమ్మ గారు. "నేను దిగను. మా అన్నయ్యగారూ ఈయనా కొట్టుకుంటుంటే మధ్యలో మనిషుండద్దా?" జడముడి మీద హెల్మెట్టు పట్టక, పూలు తీసి నా అద్దానికి తగిలించారు.

మూడు చుట్లు. ముందు గీత దాటినవాళ్ళు గెలిచినట్టు. చీటీ వేస్తే జోగిరాజు గారికి ముందు స్థానం వచ్చింది. జెండా ఊపారు.

ఏం చెప్పమంటారమ్మా ఆ అవస్థ! తిన్నటి దారిలో నాకు తిరుగు లేదు. ఇంజనూ కరెంటు మోటారూ కలిసి లాగితే సుభద్రమ్మ గారి మాట గొంతులోనే ఉండిపోయింది. మలుపు వచ్చిందా, అయిపోయింది. నేను తిరుగుదామంటాను, నా బరువు తిన్నగా పోదామంటుంది. టైర్లు ఏడుస్తాయి. ముందు ఆ చిన్న కారు గోడ మీద బల్లిలా చటుక్కున తిరిగి మాయమైపోతుంది. రెండో చుట్టుకి బ్రేకులు పొయ్యి మీద పెనంలా కాలాయి. బ్యాటరీ ఖాళీ అయింది. ఖాళీ అయితే బరువు తగ్గుతుందా అంటే తగ్గదు. నాలుగు బస్తాలూ అలాగే నెత్తిన ఉన్నాయి, సాయం మాత్రం పోయింది. మలుపుల్లో పోగొట్టుకున్నది తిన్నటి దారిలో తెచ్చుకుంటూ, ఆయాసపడుతూ ఎలాగో దగ్గరగానే ఉన్నాను.

మూడో చుట్టు చివరి మలుపులో జోగిరాజు గారి కారు జారి గడ్డిలోకి పోయి, తేరుకుని నెమ్మదిగా దారిలోకి వచ్చింది. ఎదురుగా నిడుపాటి దారి, చివర తెల్ల గీత. నేను ఆయన వెనకే ఉన్నాను. ఒక్కసారి కాలు నొక్కితే చాలు, దాటేస్తాను. చెరువు గట్టు నాదే.

సూరపరాజు గారు కాలు తీసేశారు.

"ఏవైందండీ?" అన్నారు సుభద్రమ్మ గారు.

"పెద్ద బావగారు ముందుంటే ఎలా దాటిపోతానండీ? పెళ్ళిలో కూడా ఆయన లేచాకే కదండీ చెయ్యి కడిగాను."

"అదీ నిజమేలెండి" అన్నారావిడ.

చూస్తుండగానే ముందు కారు కూడా నెమ్మదించింది. కిటికీలోంచి జోగిరాజు గారి చెయ్యి బయటికి వచ్చి, ముందుకి దయచేయమని ఊపింది. ఆయన లెక్క ఆయనకుంది. ఇంటి ఆడపిల్లని చేసుకున్న అల్లుడుగారు ముందు నడవాలి, పుట్టింటివాళ్ళు వెనక నడవాలి. సూరపరాజు గారు లైట్లు కొట్టి తమరే పదండన్నారు. ఆయన ఇంకా తగ్గించారు. ఈయన ఇంకా తగ్గించారు. గంటకి మూడు వందలు పోయే బండీ, దాన్ని మలుపులో ఏడిపించిన బండీ, గీతకి నాలుగు గజాల ఇవతల రెండూ నిలబడిపోయాయి. జెండాల ఆయన పచ్చది ఊపాడు, పసుపుది ఊపాడు, ఎర్రది ఊపాడు. చివరికి అన్నీ కలిపి ఊపాడు.

జోగిరాజు గారు ఇంజను ఆపి దిగి వచ్చారు. హెల్మెట్టు చంకలో పెట్టుకుని నా అద్దం దగ్గర వంగారు.

"దయచేయండి బావగారూ."

"అబ్బే, ఎంతమాట. తమరు కానివ్వండి."

"అలాక్కాదండీ. అల్లుడుగారిని ఎనకెట్టి నేను గీత దాటితే రేపు పాలకొల్లులో తలెత్తుకోగలనాండీ?"

"తమరిని దాటితే మా చెరువుల్లో రొయ్య నిలబడదండీ."

"సార్!" అని అరిచాడు తమిళాయన. "ఇది రేస్ సార్!"

"కొంచెం ఆగండి బాబూ, పెద్దోళ్ళు మాట్లాడుకుంటన్నారు" అన్నారు సుభద్రమ్మ గారు.

చాలాసేపటికి, ఇద్దరూ సరిగ్గా ఒకేసారి దాటాలని ఒప్పందానికి వచ్చారు. సూరపరాజు గారు నన్ను ఆ కారు పక్కన చేర్చారు. జోగిరాజు గారు వెళ్ళి మీట నొక్కారు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కారు. కిర్రుమని ఊరుకుంది. ఆ చెంచాడు బ్యాటరీకి ఆ మర్యాదలన్నీ తట్టుకునే ఓపిక లేకపోయింది.

ఇంకెవరైనా అయితే ఏం చేస్తారు? చక్కా ముందుకి పోతారు. నేనూ అదే మొక్కుకున్నాను. కానీ సూరపరాజు గారు, బావగారిని నడిరోడ్డు మీద వదిలేసి పోతారా అంటూ నన్ను వెనక్కి తీసి, ఆయన వెనక చేర్చి, మీట నొక్కి నా ముక్కు ఎత్తి, నెమ్మదిగా నెట్టారు. నా రెండు టన్నులకి ఆ కారు తోపుడుబండిలా కదిలింది. ట్రాకు మీద ఆ రోజంతటిలో నేను ఆయాసం లేకుండా చేసిన పని అదొక్కటే. అలా జోగిరాజు గారిని గీత దాటించాను. గళ్ళ జెండా ఆయన మీద ఊగింది. ఆయన ముందు, నేను వెనక. ఓడిపోయాను.

తిరుగు ప్రయాణంలో సుభద్రమ్మ గారు నిద్రపోలేదు. "ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందండీ" అని ఒక్కసారి అన్నారు. మాట మాటే.

కొనడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ముందు మూత ఎత్తి, ముక్కు మూసుకుని దించేశారు. మూడోసారి వచ్చింది జోగిరాజు గారు. మొహం పీక్కుపోయి ఉంది. చెల్లెలి గుమ్మంలోంచి బండి పోవడానికి తాను కారణమయ్యానని ఆయనకి ముద్ద దిగట్లేదట. బేరమాడకుండా నన్ను కొని పాలకొల్లు తోలుకుపోయారు. మిల్లులో ఊక బస్తాల పక్కన నిలబెట్టారు. నా బతుకింక ఊకేననుకున్నాను.

మంచి రోజు చూసి నా మీద పూలదండ వేశారు. ముందు కావిళ్ళు కదిలాయి: కాజాలు, అరిసెలు, చీరలు, అరటి గెలలు. వెనక నేను, నన్ను నడుపుతూ జోగిరాజు గారు. మా ఊరి వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఆడపడుచుకి పుట్టింటి సారె వస్తోందమ్మా! సారెలో చీరలతో పాటు సూపర్ కారు రావడం ఆ జిల్లాలో అదే మొదలట. కాగితాలు సుభద్రమ్మ గారి పేర ఉన్నాయి.

సూరపరాజు గారు కంగారుపడ్డారు. "ఓడిన బండి కదండీ బావగారూ, మళ్ళీ గుమ్మంలోకి ఎలాగండీ?"

"ఓడిన బండి తమరు అమ్మేశారు, నేను కొనేశాను. అది అయిపోయింది. ఇది సారె. సారె ఎనక్కి పంపిస్తారాండీ? పుట్టింటోళ్ళ మొహం మీద కొట్టినట్టు కాదాండీ?"

సుభద్రమ్మ గారు హారతి పట్టి నన్ను లోపలికి పిలిచారు.

మర్నాడు పొద్దున్నే సూరపరాజు గారు మేత సంచి భుజాన వేసుకుని తాళం కోసం చెయ్యి చాపారు.

"ఎక్కడికండీ?" అన్నారు సుభద్రమ్మ గారు.

"చెరువు కాడికండీ."

"మా అన్నయ్యగారు పెట్టిన బండిలో రొయ్యల మేతాండీ?" అని తాళం కొంగుకి ముడేసుకున్నారు. ఆయన మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. "సర్లెండి, ఎక్కండి. నేను దింపుతాను. సంచి మాత్రం మీ ఒళ్ళో పెట్టుకోవాల."

ఆవిడకి స్కూటీ నడపడం తెలుసు. నన్ను కూడా అలాగే, రెండు కాళ్ళూ కిందకి దించడానికి సిద్ధంగా పెట్టుకుని నడిపారు.

"కొంచెం కుడిపక్కకి..." అన్నారు సూరపరాజు గారు, సంచి వెనకనుంచి.

"నడిపేవాళ్ళతో మాట్లాడకూడదండీ."

కాలువ వంతెన ఎక్కేసరికి అవతలినుంచి ఇటుకల లారీ ఎక్కింది. ఒక్క బండికి సరిపోయే వంతెన అది. సూరపరాజు గారు అలవాటుగా, ఆయన్ని పోనిద్దామండీ అన్నారు. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "రండమ్మా, తమరే రండి" అంటూ వెనక్కి తీయడం మొదలుపెట్టాడు.

సుభద్రమ్మ గారు మొహమాటపడలేదు. మాటవరసకైనా, మీరు కానివ్వండి అనలేదు. నా ముక్కు తిన్నగా పెట్టి, కాలు నొక్కి, వంతెన దాటించేశారు.