ఇద్దరికెంత ఉప్పు

పెళ్లయిన కొత్తలో పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే పక్కనే కూర్చుని బీడీ తాగిన మనిషి ధర్మా. అలాంటివాడు ఇరాక్ నుంచి తిరిగొచ్చి నెల కాకముందే ఉల్లిగడ్డలు, అల్లం నిప్పుల మీద నల్లగా కాల్చి, మేక బొక్కలతో కలిపి గంజులో వేసి, మీద తేలే నురగను గరిటెతో ఓపిగ్గా తీస్తూ కూర్చుంటే ఏ పెళ్లానికి అనుమానం రాదు? భూలికి వచ్చింది.

మూడేళ్ల కింద అతను మేస్త్రీ పనికని ఇరాక్ పోయాడు. రెండు నెలలకో ఉత్తరం వచ్చేది. భూలి వడ్లు ఆరబోసే రైస్ మిల్లులో గుమాస్తా దానియేలు దాన్ని చదివిపెట్టేవాడు. కువైట్ గొడవ మొదలయ్యాక అందరితోపాటు అతనూ చేతిసంచితో వచ్చి, మిర్యాలగూడ స్టేషన్ వెనక భూలి ఉంటున్న కిరాయి గదిలో వాలాడు. వచ్చినప్పటినుంచీ ఈ వంటలే.

మొదట ఈజిప్టు వాళ్ల తిండని బొబ్బర్లు ఉడికించి, మెదిపి, నిమ్మరసం పిండి రొట్టెలో పెట్టాడు. తర్వాత ఫిలిప్పీన్ వాళ్లదని కోడిని పుల్లటి సిర్కాలో ఉడికించాడు. ఇప్పుడు వియత్నాం వాళ్ల ఫో అనే చారట. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బించి, మరిగే నీళ్ల గంజు మూతికి గుడ్డ కట్టి, దానిమీద పిండి పల్చగా పూసి, ఆవిరికి ఉడికిన పొరను ఒలిచి సన్నగా కోశాడు. దాల్చినచెక్క, అనాసపువ్వు వాసన పక్కగదిదాకా పోయింది. ఆ గదిలో ఉండే కోదాడ మంగమ్మ తలుపు దగ్గరికొచ్చి ముక్కు ఎగరేసింది.

"మగాడికి ఇన్ని రకాలు ఊరికే రావే పిల్లా. ఎవతో పక్కన కూర్చోబెట్టుకొని నేర్పుంటది."

భూలి మనసులో ఉన్నది కూడా అదే. పైగా ఆ ఫో చేసిన రెండుసార్లూ అది ఉప్పు కషాయమే. మనసు ఇక్కడుంటే కదా చెయ్యి కుదిరేది అనుకుంది. వాడపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు కట్టే క్వార్టర్ల దగ్గర ఆమె తమ్ముడు హన్మా బావకు మేస్త్రీ పని మాట్లాడిపెట్టి పదిరోజులైంది. అడిగినప్పుడల్లా ఎల్లుండి పోతాననే మాటే. మళ్లీ ఆ వంటలు నేర్పినదాని దగ్గరికే పోదామని చూస్తున్నవాడికి ఇక్కడ పనెందుకు? భూలి ఆ ఆడమనిషిని కళ్లముందు ఊహించుకుంది. తెల్లటి ఒళ్లు, చిన్న కళ్లు, నడుందాకా జుట్టు. ముఖమన్నా తెలియని మనిషిని కడుపునిండా అసహ్యించుకుంది. ఈ ఆదివారం ఆ పేరు మొగుడి నోట రాబడతాననీ, వస్తే పెన్‌పహాడ్ తండాలో తల్లిదగ్గరికి పోతాననీ తీర్మానించుకుని చీరలు మడిచి పెట్టెలో పెట్టింది.

ఆదివారం పొద్దున అతను మళ్లీ ఫో పెడితే, కొత్తిమీర తుంచుతూ అతని చేతుల్నే చూస్తూ కూర్చుంది. ధర్మా ఉప్పు డబ్బాలో రెండు చేతులూ పెట్టి దోసెడు తీశాడు. గంజు మీదికి తెచ్చి ఆగాడు. పెదవులు కదిలిస్తూ ఏదో లెక్కేసుకుని, అంతా డబ్బాలో పోసి, చిటికెడు తీసుకుని, భార్యవైపు చూశాడు.

"ఇద్దరికెంత ఉప్పు పడతది?"

భూలి చెప్పింది. అతను రెండు గిన్నెల్లో బియ్యప్పొరలు వేసి, నిలబడే చారు పోశాడు. రెండోది నిండగానే గరిటె దానంతటదే పక్కకు పోయి, గిన్నె లేనిచోట వంగబోయి ఆగింది. ఆ చెయ్యి భూలికి తెలుసు. తండాలో పెళ్లిబంతుల్లో వడ్డించేవాళ్లకు ఉండే చెయ్యి అది. ఏ ఆడదీ పక్కన కూర్చోబెట్టుకొని నేర్పేది కాదు.

"గాడ ఎందరికి వండినవ్ నువ్వు?"

ధర్మా గరిటె దించాడు. "నాలుగొందల మందికి."

తర్వాత అంతా చెప్పాడు. ఇరాక్ పోయిన మూడో నెలలో పరంజా మీదినుంచి పడ్డాడు. ఆనాటినుంచి పైకెక్కితే కళ్లు తిరిగేవి. తిరిగి పంపించేస్తారనుకుంటుంటే, అన్ని దేశాల కూలీలుండే క్యాంపు వంటశాలలో వియత్నాం ముసలాయన ఒకడు తన దగ్గర పెట్టుకున్నాడు. గిన్నెలు తోమాడు, బస్తాలకొద్దీ ఉల్లిగడ్డ కోశాడు, చివరికి వండాడు. ఉత్తరాల్లో మాత్రం మేస్త్రీ పనే రాయించాడు.

"మేస్త్రీనని చెప్పి పోయి, గిన్నెలు తోమినని ఎట్ల జెప్పాలె తండాల?"

ఆడమనిషి లేదు. భూలికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు మండిపోయింది. తన మొగుడు మేస్త్రీ అని మిల్లంతా చాటుకున్నందుకు, పదిరోజులుగా కంటిమీద కునుకు లేనందుకు కలిపి నోరారా తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. అంతా అయ్యాక గిన్నె ముందుకు లాక్కుని వేడివేడి చారు తాగింది. నిజంగా బాగుంది. ఆ మాట పైకే చెప్పింది.

అంతలో హన్మా సైకిల్ గోడకానించి గుమ్మంలోకొచ్చాడు. బావను ఇవాళ తీసుకురాకపోతే పని ఇంకొకరికి ఇస్తారట. ధర్మా నేలచూపులు చూశాడు. అతను ఎల్లుండి అనకముందే భూలి అందుకుంది.

"మీ బావ పరంజా ఎక్కలేడు తమ్మీ. గాడ వంట జేసిండు. వాడపల్లిల కూలోళ్లకు ఎవలు వండుతున్నరో అడిగిరా."

హన్మా బావను చూశాడు, గిన్నెలో తేలుతున్న తెల్లటి పోగులు చూశాడు. తనను ఆటపట్టిస్తున్నారని అనుమానం వచ్చినట్టుంది. నిజంగా వండుతాడా అని అక్కను అడిగాడు. భూలి మొగుడివైపు గడ్డం చూపింది. ఆ జవాబు ధర్మా ఇవ్వాల్సింది. అతను గరిటెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"వండుత," అన్నాడు చివరికి. "గని గాడ మేస్త్రీ అని జెప్పకు. వంటోడనే జెప్పు."