గోడెక్కిన గడ్డి

నేను ఒక గడ్డికట్టను. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి. తరవాత వీలుపడదు.

మనిషి ఎవరినైనా చిన్నబుచ్చాలంటే ముందు నా పేరే ఎత్తుతాడు. గడ్డిపోచతో సమానమంటాడు. బుద్ధి గడ్డి తిన్నదంటాడు. తన కంచంలోని అన్నం ఏ కాడకు కాసిందో మాత్రం అడగడు.

మిర్యాలగూడ వైపు ఒక పొలంలో కోతమిషను వడ్లు దులుపుకుని వెళ్లిపోయాక, మా రైతు అగ్గిపెట్టె పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మడి ఖాళీ కావాలి, నాటు వేళ మించిపోతోంది. మమ్మల్ని తగలబెట్టడమే అతనికి తెలిసిన దారి. పుల్ల గీయబోయేంతలో కట్టలు కట్టే మిషను వచ్చింది. అది నన్ను నోట్లో వేసుకుని, గుద్ది, నొక్కి, రెండు తాళ్లు బిగించి ఇవతలికి ఉమ్మింది. నా పుట్టుక అంతే. మెత్తగా పుట్టినవాడు గోడ కాలేడు.

అక్కణ్ణుంచి అన్వర్ అనే గడ్డి వ్యాపారి షెడ్డుకు చేరాను. మామూలుగా మా దారి బర్రెల కొట్టానికే. ఆ ఏడు మాత్రం అన్వర్‌కు వింత బేరాలు తగిలాయి. ఒకాయన ఉల్లిగడ్డల గోదాము కడతానని మావాళ్లను తీసుకుపోయాడు. పెళ్లిళ్లకు వాయించే బ్యాండువాళ్లు సాధన గది కట్టుకుంటామన్నారు; కట్టలు లారీకెత్తడానికి వాళ్ల వీధి మొత్తం వచ్చింది, చప్పుడు బయటికి రాదని ఎవరో చెప్పారట. ఒక ఊరి బడికి రెండు గదులు. గుట్ట మీద ఒకరికి గుండ్రటి ఇల్లు. ఒక డాక్టరమ్మకైతే ఏకంగా మేడ: బరువు కర్ర చట్రం మోస్తుంది, గోడలుగా మేం నిండుతాం. చట్రమే లేకుండా మా వీపుల మీద కప్పు వేసిన మొండివాళ్లూ ఉన్నారు. మేం వంగలేదు.

"బర్రె తింటే పాలిస్తది. గోడ తింటే ఏమిస్తదమ్మా?" అని అన్వర్ నవ్వుతూ అడిగాడు, గది కట్టుకోవడానికి కట్టలు కొనవచ్చిన అండాలును.

"సల్లదనమిస్తది" అంది ఆమె. నా పొట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, తడి లేదని చూసుకుని, వాసన పీల్చి, "ఇది నాది" అంది. అంత మర్యాదగా నన్ను ఎవరూ పలకరించలేదు.

అండాలు పోచంపల్లి పక్క ఊళ్లో నేత నేస్తుంది. మగ్గం ఇనపరేకుల కింద ఉంది. ఎండలు ముదిరితే ఆ వేడికి పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. అతికే పనితోనే పొద్దు గుంకుతుంది. విసిగిపోయిన ఆమె మొగుడు దశరథ, మగ్గం అమ్మేసి పట్నంలో వాచ్‌మన్ పనికి పోదామని పట్టుబట్టాడు. చెల్లెలి ఊళ్లో గడ్డికట్టల బడిని చూసొచ్చిన అండాలు ఒకే మాట అంది: "ఈ ఒక్క ఎండాకాలం ఆగు. గడ్డి గోడల నడుమ పోగులు తెగితే మగ్గం నేనే ఊడదీస్త."

ఆ పందెంలో పావును నేను.

మగ్గం గదికి రాతి పునాది లేచింది. ఉప్పలయ్య మేస్త్రీ ఇటుకల మాదిరే మమ్మల్ని సందు మీద సందు పడకుండా పేర్చాడు. దశరథ గట్టు మీద కూచుని నోటికి పని చెప్పాడు.

"ఏమే, ఒక్క కిటికే పెట్టినవ్. పర్వాలేదు తియ్, రెండోది బర్రె పెడ్తది."

"బర్రె సంగతి నేను జూసుకుంట. నువ్వు మేయకుంటే సాలు" అంది అండాలు.

అండాలు కాసేపు ఇంట్లోకి పోయింది. ఉప్పలయ్య పైపు అందుకున్నాడు. ముప్పై ఏళ్లుగా గోడ లేస్తే నీళ్లు కొట్టిన చెయ్యి అది. ఇటుకైనా సిమెంటైనా నీళ్లు తాగితేనే గట్టిపడతాయి. నన్ను మాత్రం నీళ్లే చంపుతాయి. అరుద్దామంటే నోరేది? కింది వరస మొత్తం తడిసింది. నేను కడుపు దాకా తాగాను.

"ఆపు మేస్త్రీ! నీ చేతులిరుగ, ఆపు!" అండాలు పరుగెత్తుకొచ్చింది.

"గోడకు నీళ్లు గొట్టకుంటే నన్ను మేస్త్రీ అంటరా?"

"గడ్డికి కొడ్తె మురుగుతది! లోపల ఉడికి బూజు వడ్తది!"

"గట్లయితే గోడ నువ్వే కట్టుకో బిడ్డా. నా పనికి పేరు వెట్టినోళ్ల ఇంట్ల నేనుండ." ఉప్పలయ్య తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు.

వీధంతా చూస్తుండగా అండాలు గోడను తన చేతులతోనే విప్పింది. పొడివాటిని ఒక పక్కకు పేర్చి పట్టా కప్పింది. మమ్మల్ని ఎండలో పడేసింది. రెండు రోజుల తరవాత నాలో చెయ్యి పెట్టి చూసి పెదవి కొరుక్కుంది. లోపల సెగ, పులిసిన వాసన. నేనిక గోడకు పనికిరాను.

"అయిపాయె. మగ్గం కొనేటోన్ని రమ్మంట" అన్నాడు దశరథ.

ఆమె కొడవలి తెచ్చి నా తాళ్లు రెండూ కోసింది. నరికింది. ఎర్రమట్టి గుంటలో వేసి, చీర ఎగ్గట్టి తొక్కడం మొదలుపెట్టింది. చచ్చాననుకున్నారా? అన్వర్ నుంచి కొత్త కట్టలు వచ్చి నా చోట కూచున్నాయి, సరే. వాటికి ఎండా వానా నిప్పూ తగలకుండా తొడగాల్సిన చర్మం ఎవరు?

దారిన పోతున్న ఉప్పలయ్య ఆగాడు. ఆమె తొక్కుడు చూసి తట్టుకోలేకపోయాడు. "మట్టి గట్ల దొక్కుతరా? కాలు పడ్తలేదు, జరుగు." గుంటలోకి దిగి, నన్ను చేత్తో పిసికి వాసన చూశాడు. "గడ్డి పులిసింది. మంచిగైంది. మా తాత మాగవెట్టినంకనే పూసేటోడు, పూత గోడను ఇడువకపోయేది."

అండాలు పైపు అతని చేతికిచ్చింది. "ఇగో, ఇప్పుడు కొట్టు నీళ్లు. నీ కడుపు సల్లగుండ."

అతను కొట్టాడు, కసిదీరా. గోడలకు లోపలా బయటా నన్ను బెత్తెడు మందాన పూశాడు. కప్పు పడింది. మగ్గం లోపలికొచ్చింది.

వైశాఖం వచ్చింది. వీధిలో కుక్కలు కూడా కదలని మధ్యాహ్నం, దశరథ మగ్గం కొనే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. లోపల పడుగు నిండుగా బిగిసి ఉంది. అండాలు తలెత్తకుండా నేస్తోంది. ఆ మనిషి మగ్గం కర్ర తట్టి చూసి, ఉస్సురంటూ నాకు వీపు ఆనించి కూలబడ్డాడు. బేరం మొదలుకాకముందే గురక పెట్టాడు.

దశరథ పోగుల మీద చెయ్యి పెట్టాడు. తెగింది దొరుకుతుందేమోనని ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. తరవాత ఆ మనిషిని లేపాడు.

"లే అన్నా, ఇంటికి వో. అమ్మేదేం లేదు."

అతన్ని సాగనంపి వచ్చి, అండాలు పక్కన కూచుని, నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు.

"వాచ్‌మన్ నౌకరి?" అంది ఆమె.

"మూస్కొని నెయ్యి" అన్నాడు.

బయట రేకుల ఇళ్లు పెనాల్లా కాలుతున్నాయి. రానీ ఎండను. నిప్పు తెస్తారా, తెండి. బర్రెను తోలుతారా, తోలండి. నేను ఇక్కడే ఉన్నాను.